రోమ్‌లో మొదటి వారం: వేసవిలో వెళ్లేవాళ్లు తరచుగా అడిగే ప్రశ్నలు

మేము రోమ్ వెళ్లొచ్చినప్పటి నుంచి చుట్టాలు, ఆఫీసువాళ్లు, వాళ్లకి తెలిసినవాళ్లు ఫోన్ చేసి అడిగేవి దాదాపు ఇవే. ప్రతిసారీ గంటసేపు చెప్పడం కన్నా ఒకచోట రాసి పెడితే అందరికీ పనికొస్తుందనిపించింది. మీకు కావలసిన ప్రశ్న దగ్గరికి నేరుగా వెళ్లిపోవచ్చు, మొదటి నుంచి చదవక్కర్లేదు. ధరలు నేను రాసేనాటివి. బుక్ చేసేముందు ఒకసారి అధికారిక సైట్లలో చూసుకోండి.

## ఇంకా ఆలోచిస్తున్న దశలో

వారం రోజుల్లో పారిస్, స్విట్జర్లాండ్, రోమ్ మూడూ చుట్టేయొచ్చా?

కుదురుతుంది, కానీ మొదటిసారి వెళ్తుంటే వద్దనే చెప్తాను. లెక్క వేసి చూడండి. ఏడు రోజుల్లో దిగిన రోజు సగం పోతుంది, తిరుగు ప్రయాణం రోజు సగం పోతుంది. ఊరు మారిన ప్రతిసారీ పొద్దున పదింటికి గది ఖాళీ చేసి, స్టేషన్‌కి పెట్టెలు లాక్కెళ్లి, అక్కడ దిగి, మూడింటికిగానీ ఇవ్వని గది కోసం ఎదురుచూసి, మళ్లీ కొత్త మెట్రో మ్యాప్ నేర్చుకునేసరికి ఇంకో రోజు కరిగిపోతుంది. మూడు ఊళ్లంటే చేతికి మిగిలేది నాలుగు రోజులే. అదే ఒక్క ఊళ్లో ఉంటే మూడో రోజుకల్లా ఏ బస్సు ఎక్కాలో మీకే తెలిసిపోతుంది, కాఫీ కొట్టువాడు మీ మొహం గుర్తుపడతాడు, పోయిన చోటికే మళ్లీ సాయంత్రం వెళ్లి ఇంకో వెలుగులో చూడొచ్చు. ఇంత ఖర్చు పెట్టి వెళ్లేది అందుకోసమే అని నేను నమ్ముతాను.

ఒక్క ఊరే అయితే రోమే ఎందుకు?

వియన్నాకి వెళ్లినా, లిస్బన్‌కి వెళ్లినా తప్పు లేదు. నేను రోమ్ చెప్పేది ఎందుకంటే చూడాల్సినవి చాలావరకు నడిచే దూరంలో ఉంటాయి, వాటిలో సగానికి టికెట్టే లేదు. వాటికన్‌లోని సెయింట్ పీటర్స్ బసిలికా అనే పెద్ద చర్చిలోకి ఉచితం. సాన్ లుయిజి దెయి ఫ్రాంచేజి అనే చర్చిలో కరవాజ్జో వేసిన మూడు పెద్ద చిత్రాలు గోడ మీదే ఉన్నాయి, నడుచుకుంటూ లోపలికి వెళ్లి చూసి రావచ్చు. సాన్ పియెత్రో ఇన్ వింకోలిలో మైకెలాంజిలో చెక్కిన మోజెస్ విగ్రహం కూడా అంతే.

ఒక్క చోటు మాత్రం టికెట్ పెట్టి అయినా చూడమంటాను, సాన్ క్లెమెంతె. పైన ఉన్నది పన్నెండో శతాబ్దపు చర్చి. మెట్లు దిగితే దాని కింద నాలుగో శతాబ్దపు చర్చి. ఇంకా దిగితే రోమన్ల కాలపు ఇళ్లు, మిత్ర అనే దేవుడి గుడి. ఆ అట్టడుగు గదుల్లో నిలబడితే గోడ వెనక ఎక్కడో నీళ్లు పారుతున్న చప్పుడు వినిపిస్తుంది. బయట ముప్పై మూడు డిగ్రీలుంటే అక్కడ చల్లగా, తడి మట్టి వాసనతో ఉంటుంది. ఈ ఊరు ఊరి మీద ఊరుగా ఎలా పెరిగిందో ఆ మెట్ల మీద అర్థమైనంత బాగా ఏ పుస్తకంలోనూ నాకు అర్థం కాలేదు.

మన పిల్లల సెలవులు ఏప్రిల్ ఆఖరు నుంచి జూన్ మొదటి వారాల దాకా. అప్పుడు వెళ్తే బావుంటుందా?

అదే అన్నిటికన్నా మంచి సమయం. మే ఆఖరు, జూన్ మొదటి పది రోజుల్లో ఎండ మరీ ఉండదు, సూర్యాస్తమయం రాత్రి ఎనిమిదిన్నర దాటాకే కాబట్టి రోజు చాలా పొడుగ్గా ఉంటుంది. జూన్ 2 వాళ్ల రిపబ్లిక్ డే, కొలోసియం ముందున్న పెద్ద రోడ్డు మీద కవాతు జరుగుతుంది, ఆ పొద్దున అటువైపు ప్లాన్ పెట్టుకోకండి. జూన్ 29 రోమ్‌కి స్థానిక సెలవు. జులై, ఆగస్టు అయితే వేడి ఎక్కువ. పైగా ఆగస్టు 15 ఫెర్రాగోస్తో పండగ చుట్టుపక్కల సొంతంగా నడుపుకునే చిన్న హోటళ్లు, కొట్లు చాలావరకు మూసేసి ఊళ్లకి పోతారు.

హైదరాబాద్, విజయవాడ ఎండలు చూసినవాళ్లం. రోమ్ ఎండ మనకో లెక్కా?

ఈ మాట దాదాపు అందరూ అంటారు, రెండో రోజు మధ్యాహ్నం అందరూ మెత్తబడతారు. ఇక్కడ నలభై డిగ్రీలున్నా మనం ఫ్యాన్ కిందో, ఏసీలోనో, కారులోనో ఉంటాం. అక్కడ పదిహేను వేల అడుగులు రాళ్ల మీద నడుస్తాం. పాత రోమ్ శిథిలాలున్న రోమన్ ఫోరం, పాలటైన్ కొండ ప్రాంతంలో నీడ చాలా తక్కువ, కింద తెల్లటి రాయి వేడిని మొహం మీదికే కొడుతుంది.

కాబట్టి రోజుని రెండుగా కోయండి. పొద్దున ఏడున్నరకి బయటపడి పన్నెండింటికల్లా ముగించండి. భోజనం చేసి గదికి వచ్చి కిటికీ తలుపులు వేసుకుని నిద్రపోండి. మళ్లీ ఐదింటికి బయల్దేరి రాత్రి పది దాకా తిరగండి. మన అమ్మమ్మలు వేసవి మధ్యాహ్నాలు ఎలా గడిపేవాళ్లో అచ్చం అలాగే. చర్చిలు, చిన్న కొట్లు కూడా చాలా చోట్ల మధ్యాహ్నం మూసేస్తారు కాబట్టి మీరేమీ పోగొట్టుకోరు.

## వీసా, ఫ్లైట్

వీసాకి ఎప్పుడు అప్లై చేయాలి, ఫీజెంత?

ప్రయాణానికి ఆరు నెలల ముందు నుంచి తీసుకుంటారు, పదిహేను రోజుల ముందు ఆఖరు. కానీ ఆ ఆఖరి గడువుని నమ్ముకోకండి. వేసవికి వెళ్లేవాళ్లంతా మార్చి, ఏప్రిల్‌లో ఎగబడతారు, అపాయింట్‌మెంట్లే దొరకవు. మే ఆఖరున ప్రయాణమైతే ఫిబ్రవరిలోనే కాగితాలు ఇచ్చేయడం మంచిది. మామూలుగా పదిహేను రోజుల్లో తేలుతుంది, కొన్ని కేసుల్లో 45 రోజుల దాకా పడుతుంది. ఫీజు పెద్దలకి 90 యూరోలు, 6 నుంచి 12 ఏళ్లలోపు పిల్లలకి 45, ఆరేళ్లలోపు ఉచితం. దీనికి వీసా కాగితాలు తీసుకునే వీఎఫ్‌ఎస్ సెంటర్ వాళ్ల సర్వీస్ ఛార్జీ అదనం. పన్నెండేళ్లు దాటినవాళ్లు వేలిముద్రల కోసం స్వయంగా వెళ్లాలి. గత ఐదేళ్లలో ఇచ్చి ఉంటే పాతవే తీసుకునే అవకాశం ఉంటుంది.

ఫ్లైట్ ఫ్రాంక్‌ఫర్ట్ మీదుగా వెళ్తోంది. అప్పుడు జర్మనీ వీసా తీసుకోవాలా?

అక్కర్లేదు. ఎక్కువ రోజులు ఎక్కడ ఉంటారో ఆ దేశానికే అప్లై చేయాలి, అంటే ఇటలీకి. కాకపోతే ఒకే వీసాతో తిరిగే యూరప్ దేశాల గుంపు, అంటే షెంజెన్‌లో మొదట అడుగుపెట్టే చోటే ఇమిగ్రేషన్ అవుతుంది కాబట్టి ఆ క్యూలో ఫ్రాంక్‌ఫర్ట్‌లోనే నిలబడతారు. కనెక్షన్‌కి కనీసం రెండున్నర గంటలైనా ఉంచుకోండి. ఇప్పుడు ఈఈఎస్ అనే కొత్త పద్ధతిలో సరిహద్దులోనే ఫొటో తీసుకుని వివరాలు నమోదు చేస్తున్నారు, మొదటిసారి దానికి కొంచెం సేపు పడుతుంది. దుబాయ్, దోహాల మీదుగా వెళ్తే ఇమిగ్రేషన్ నేరుగా రోమ్‌లోనే. మధ్యలో లండన్‌లో ఆగి ఊరు చూద్దామనుకుంటే మాత్రం దానికి వేరే వీసా, బ్రిటన్ షెంజెన్‌లో లేదు.

బ్యాంకులో ఎంత డబ్బు చూపించాలి?

అంకె కన్నా డబ్బు ఎలా వచ్చిందన్నది ముఖ్యం. జీతం నెలనెలా పడుతూ, ఖర్చులు పోతూ, కొంత నిల్వ ఉన్న మామూలు ఖాతానే నమ్మకం కలిగిస్తుంది. అప్లై చేసే ముందు వారం బావగారి దగ్గర తీసుకుని మూడు లక్షలు వేస్తే అది స్టేట్‌మెంట్‌లో కొట్టొచ్చినట్టు కనిపిస్తుంది. పే స్లిప్పులు, ఐటీ రిటర్నులు, ఆఫీసు నుంచి సెలవు ఇచ్చినట్టు లెటర్, బస బుకింగ్, కనీసం 30,000 యూరోల కవరేజి ఉన్న ట్రావెల్ ఇన్సూరెన్స్, ఏ రోజు ఎక్కడ ఉంటారో ఒక పేజీ ప్లాన్, ఎందుకు వెళ్తున్నారో, తిరిగి ఎందుకు వస్తారో సూటిగా చెప్పే కవరింగ్ లెటర్ పెట్టండి. రిటైరైన తల్లిదండ్రుల ఖర్చు మీరు పెట్టుకుంటుంటే ఆ సంగతి రాతపూర్వకంగా చెప్పి, బంధుత్వానికి రుజువు జత చేయండి.

వీసా రాకముందే ఫ్లైట్ టికెట్ కొనాలా?

డబ్బు వెనక్కి రాని టికెట్ కొనకండి. క్యాన్సిల్ చేసుకునే వీలున్నదో, రిజర్వేషన్ మాత్రమే ఉన్నదో చూపించండి. బస కూడా అంతే, ఉచితంగా క్యాన్సిల్ అయ్యేదే తీసుకోండి.

పాస్‌పోర్టులో ఇంటిపేరు ఒకలా, టికెట్‌లో ఇంకోలా పడింది. ఫర్వాలేదా?

ఫర్వాలేదని వదిలేయకండి, ఇది మన తెలుగువాళ్లకి ఎక్కువగా వచ్చే చిక్కు. ఆధార్‌లో ఇంటిపేరు ఒక్క అక్షరం, పాస్‌పోర్టులో పూర్తిగా, కొందరికి సర్‌నేమ్ గడి ఖాళీగానే ఉంటుంది. ఎక్కడైనా సరే పాస్‌పోర్టులో ఉన్నది అక్షరం పొల్లుపోకుండా కొట్టండి. ఫ్లైట్‌కే కాదు, కొలోసియం టికెట్ కూడా పేరు మీదే ఇస్తారు, గేటు దగ్గర గుర్తింపు కార్డుతో సరిచూస్తారు. ఇక పాస్‌పోర్టు ఇచ్చి పదేళ్లు దాటి ఉండకూడదు, షెంజెన్ వదిలే తేదీ తర్వాత కనీసం మూడు నెలల గడువు ఉండాలి, రెండు పేజీలు ఖాళీగా ఉండాలి.

వీసా స్టిక్కర్ వచ్చేసింది. ఇంక చూసేదేమైనా ఉందా?

కవర్ విప్పగానే మూడు చూడండి: పేరు, మొదలు–ముగింపు తేదీలు, ఎన్ని రోజులు ఉండొచ్చన్న అంకె. తేదీల మధ్య ఇరవై రోజులున్నా లోపల ఎనిమిది అని ఉంటే ఎనిమిదే. ఈటీఐఏఎస్ అనేది వీసా అవసరం లేని దేశాలవాళ్లకి, మనకి సంబంధం లేదు. ఎవరైనా దానికి డబ్బు కట్టమంటే కట్టకండి.

## బస, ముందస్తు బుకింగ్‌లు

టెర్మిని స్టేషన్ దగ్గర చౌకగా దొరుకుతోంది. తీసుకోవచ్చా?

తీసుకోవచ్చు. రెండు మెట్రో లైన్లు అక్కడే కలుస్తాయి, ఎయిర్‌పోర్టు రైలు అక్కడికే వస్తుంది. రాత్రి పొద్దుపోయాక స్టేషన్ చుట్టూ కొన్ని వీధులు అంత బావుండవు, అంతే. నాకైతే కుటుంబంతో వెళ్లేవాళ్లకి వాటికన్ పక్కన ప్రాతి నచ్చుతుంది, వీధులు వెడల్పు, నిశ్శబ్దం, మెట్రో ఉంది. సాన్ జొవాన్ని వైపు కూడా ధర అందుబాటులో ఉంటుంది. ట్రస్తేవెరె చూడ్డానికి ఎంతో అందంగా ఉంటుంది గానీ రాత్రి ఒంటిగంట దాకా కిటికీ కింద సందడే, నిద్ర కావాలంటే అక్కడ వద్దు.

ఎక్కడ తీసుకున్నా రెండు విషయాలు రాతలో అడిగి తెలుసుకోండి, ఏసీ ఉందా, లిఫ్ట్ ఉందా అని. పాత భవనాల్లో నాలుగో అంతస్తు దాకా మెట్లే ఉండటం అక్కడ మామూలు.

ఆన్‌లైన్‌లో మొత్తం కట్టేశాం. అక్కడికెళ్లాక సిటీ టాక్స్ అని మళ్లీ అడుగుతారట, మోసమా?

మోసం కాదు. నగరపాలక సంస్థ వేసే పన్ను అది, మనిషికి, రాత్రికి లెక్క. హోటల్ స్థాయిని బట్టి 4 నుంచి 10 యూరోల దాకా, మూడు నక్షత్రాల హోటల్‌కి 6. పదేళ్లలోపు పిల్లలకి లేదు. ఇద్దరు ఏడు రాత్రులుంటే 84 యూరోలు అవుతుంది, చిన్న మొత్తమేమీ కాదు, బడ్జెట్‌లో ముందే వేసుకోండి.

ఏవేవి ముందే బుక్ చేయాలి? అన్నీ ఇక్కణ్ణించే చేసేయాలా?

మూడే మూడు. కొలోసియం, వాటికన్ మ్యూజియమ్స్, బొర్గేసె గ్యాలరీ. కొలోసియం టికెట్లు నెల రోజుల ముందు అధికారిక సైట్లో తెరుస్తారు, 18 యూరోలు, ఫోరం, పాలటైన్ కూడా అందులోనే. పద్దెనిమిదేళ్లలోపు పిల్లలకి ఉచితమే గానీ వాళ్లకి కూడా టికెట్ బుక్ చేయాలి, ఇది మర్చిపోయి గేటు దగ్గర ఇబ్బంది పడేవాళ్లు చాలామంది. పొద్దున మొదటి స్లాట్ దొరికితే అదే తీసుకోండి. బొర్గేసె గ్యాలరీకి బుకింగ్ లేకుండా లోపలికే పంపరు, రెండేసి గంటల స్లాట్లు. బెర్నీని చెక్కిన పాలరాతి విగ్రహంలో పాతాళ దేవుడు ప్లూటో వేళ్లు, అతను ఎత్తుకుపోతున్న ప్రోసర్‌పినా తొడలోకి దిగిన చోట రాయి చర్మంలాగే నొక్కుకుపోయి ఉంటుంది, దాని ముందు నేను ఎంతసేపు నిలబడ్డానో నాకే తెలియదు.

మిగతావి అక్కడే చూసుకోవచ్చు. వారం మొత్తం స్లాట్లతో నింపితే ఒక్క బస్సు ఆలస్యమైనా ఆ రోజంతా టెన్షనే.

వాటికన్ ఏ రోజు పెట్టుకోవాలి?

మంగళ, గురువారాలు మంచివి. మ్యూజియమ్స్ ఆదివారాలు మూసేస్తారు. నెలలో ఆఖరి ఆదివారం మాత్రం తెరుస్తారు, ఉచితం, అందుకే విపరీతమైన జనం. బుధవారం పొద్దున పోప్ దర్శనం ఉంటే బసిలికాలోకి మధ్యాహ్నం దాకా వదలరు. మ్యూజియం టికెట్ 20 యూరోలు, ఆన్‌లైన్ బుకింగ్‌కి ఇంకో 5. భుజాలు, మోకాళ్లు కప్పుకునే బట్టలు మగా ఆడా ఇద్దరికీ తప్పనిసరి. ఎండగా ఉన్నా బ్యాగులో ఒక చున్నీ ఉంటే చాలు. బసిలికా గోపురం ఎక్కాలంటే మొత్తం 551 మెట్లు, కొంత దూరం లిఫ్ట్ ఉంది.

## డబ్బు, సామాను

యూరోలు నగదుగా ఎంత పట్టుకెళ్లాలి? యూపీఐ పనిచేస్తుందా?

రోమ్‌లో యూపీఐని లెక్కలోకి తీసుకోకండి. కాఫీ నుంచి బస్సు దాకా కార్డు ట్యాప్ చేయొచ్చు. సిటీ టాక్స్, చిన్న కొట్లు, టాయ్‌లెట్ల కోసం ఇద్దరికి రెండు మూడు వందల యూరోలు నగదు చాలు, అందులో చిల్లర నోట్లు ఎక్కువ అడిగి తీసుకోండి. కార్డు తీసుకెళ్లేముందు బ్యాంక్ యాప్‌లో ఇంటర్నేషనల్ వాడకం, ట్యాప్ రెండూ ఆన్ చేయండి, ఫారెక్స్ మార్కప్ (విదేశీ ఖర్చు మీద బ్యాంకు వేసే అదనపు ఛార్జీ) ఎంతో చూడండి, చాలా కార్డులకి మూడు శాతం దాటుతుంది. రెండు కార్డులు రెండు వేరు చోట్ల పెట్టుకోండి. మెషిన్ మీద రూపాయల్లో కడతారా, యూరోల్లోనా అని అడిగితే ఎప్పుడూ యూరోలే నొక్కండి. రూపాయలంటే వాళ్ల రేటు పడుతుంది, అది మనకి నష్టమే.

మన ఛార్జర్ అక్కడ పడుతుందా?

కరెంటు 230 వోల్టులే, సమస్య లేదు. రెండు సన్నటి గుండ్రటి పుల్లల ఫోన్ ఛార్జర్ చాలావరకు పడుతుంది. మూడు లావు పుల్లల ప్లగ్ పట్టదు, అడాప్టర్ ఇక్కడే కొనుక్కోండి.

పచ్చళ్లు, పొడులు, స్వీట్లు తీసుకెళ్లనిస్తారా?

బయటి దేశాల నుంచి మాంసం, పాలతో చేసినవి యూరోపియన్ యూనియన్‌లోకి తేకూడదు. అంటే నెయ్యి, పన్నీర్, పాలకోవా, పూతరేకులు కూడా మానేయండి. మే నెల కదా అని బంధువులకి మామిడిపళ్లు పట్టుకెళ్దామనుకుంటారు, వాటికీ ప్రత్యేక సర్టిఫికెట్ లేకుండా కుదరదు. కందిపొడి, కారప్పొడి, అటుకులు లాంటివి కంపెనీ ప్యాక్‌లో తీసుకెళ్తే నిశ్చింత. పెద్దవాళ్లకి మూడో రోజు ఒక ముద్ద కందిపొడి అన్నం పడితే ప్రాణం లేచొస్తుంది, అందుకని కిచెన్ ఉన్న బస దొరికితే వదలకండి.

ఎలాంటి చెప్పులు, ఎంత పెట్టె?

అక్కడి వీధుల్లో నల్లటి చిన్న రాళ్లు పరిచి ఉంటాయి, వాటి మధ్య సందుల్లో చక్రాలు ఇరుక్కుంటాయి, పల్చటి అట్ట చెప్పులైతే అరికాళ్లు మండుతాయి. ఇక్కడే రెండు వారాలు వాడి అలవాటైన బూట్లు వేసుకోండి, కొత్తవి వద్దు. మీరు ఒక్కరే రెండు అంతస్తులు మోయగలిగిన పెట్టే మీ పెట్టె.

## దిగిన రోజు

ఫియుమిచీనో ఎయిర్‌పోర్టు నుంచి ఊళ్లోకి ఎలా?

లెయోనార్డో ఎక్స్‌ప్రెస్ రైలు నేరుగా టెర్మినికి 32 నిమిషాల్లో తెస్తుంది, మనిషికి 14 యూరోలు. ట్రస్తేవెరె, ఓస్తియెన్సె వైపు ఉంటే ఎఫ్ఎల్1 అనే మామూలు రైలు 8 యూరోలే. తెల్ల రంగు అధికారిక టాక్సీకి పాత కోటగోడల లోపలికి 55 యూరోలు స్థిరమైన రేటు, సామానుతో సహా. నలుగురుంటే టాక్సీయే లాభం, ఇంటి గుమ్మం దాకా దింపుతాడు. అరైవల్స్ హాల్లో దగ్గరకొచ్చి టాక్సీ కావాలా అని అడిగేవాళ్ల వెంట వెళ్లకండి, బయట క్యూ ఉంటుంది.

మొదటి రోజు ఏం పెట్టుకోవాలి?

ఏమీ పెట్టుకోకండి. వేసవిలో అక్కడి టైమ్ మనకన్నా మూడున్నర గంటలు వెనక. సాయంత్రం ఆరింటికే కళ్లు మూతలు పడతాయి, ఎలాగోలా తొమ్మిది దాకా నడుస్తూ ఉండండి. మర్నాడు నాలుగింటికే మెలకువ వస్తుంది, దాన్ని వాడుకోండి. మేము ఐదున్నరకి ట్రెవి ఫౌంటెన్ దగ్గరికి వెళ్లాం. మధ్యాహ్నం వంద సెల్ఫీల మధ్య వినిపించని నీళ్ల హోరు అప్పుడు పక్క సందులోంచే వినిపించింది. వీధులు ఊడ్చే ఇద్దరు, పావురాలు, మేము. మా అమ్మ గట్టు మీద కూర్చుని పావుగంట ఒక్క మాట మాట్లాడలేదు.

మెట్రో, బస్సు టికెట్లు ఎక్కడ కొనాలి?

కొనక్కర్లేదు, బ్యాంక్ కార్డు ట్యాప్ చేస్తే చాలు. ఒక్కొక్కరికీ వేరే కార్డు ఉండాలి. ఒక టికెట్ 1.50 యూరో, 100 నిమిషాలు, అందులో మెట్రో ఒక్కసారే. పెద్దవాళ్లతో ఉన్న పదేళ్లలోపు పిల్లలకి ఉచితం. బస్సులో అడిగేవాళ్లు లేరు కదా అని ట్యాప్ చేయకుండా కూర్చోకండి, చెకింగ్‌కి వస్తే జరిమానా పెద్దది.

అక్కడ సమ్మెలు ఎక్కువట కదా?

ఎక్కువే, తరచు శుక్రవారాలు. కానీ ముందే ప్రకటిస్తారు. ‘షోపెరో’ అన్న మాట కనిపిస్తే తేదీ చూడండి. రోమ్‌లో బస్సులు, మెట్రోలు సమ్మె రోజు కూడా పొద్దున ఎనిమిదిన్నర దాకా, సాయంత్రం ఐదు నుంచి ఎనిమిది దాకా నడుస్తాయి. ఆ రోజు నడిచే ప్లాన్ వేసుకోండి.

## అక్కడ ఉన్నన్నాళ్లూ

పూర్తి శాకాహారులం. వారమంతా ఏం తినాలి?

ఇటలీలో మీరు ఆకలితో ఉండరు, కాకపోతే కొన్ని పేర్లు తెలిసి ఉండాలి. రోమ్ వాళ్ల పేరున్న పాస్తాల్లో కార్బొనారా, అమత్రిచానా, గ్రిచా మూడింట్లోనూ పంది దవడ మాంసం ఉంటుంది. కాచో ఎ పెపె అంటే జున్ను, మిరియాలు, అంతే. పొమొదోరో అంటే టమాటా. పిజ్జా మరినారాలో జున్ను కూడా ఉండదు, టమాటా, వెల్లుల్లి. వీధి కొట్లలో పిజ్జాని కత్తెరతో కోసి తూకం వేసి ఇస్తారు, బంగాళాదుంపలు పరిచిన ముక్క అడిగి చూడండి, మనవాళ్లందరికీ నచ్చింది.

జాగ్రత్త పడాల్సినవి రెండు. సుప్లి అనే అన్నం ఉండల్లో చాలాచోట్ల మాంసం సాస్ కలుపుతారు. గుమ్మడిపువ్వు బజ్జీలాంటిది చూడగానే మనదే అనిపిస్తుంది, కానీ లోపల జున్నుతోపాటు చిన్న చేప ముక్క పెడతారు. ‘సెన్సా కార్నె, సెన్సా పెషె’ అంటే మాంసం వద్దు, చేప వద్దు. ఇంకా, పెకొరీనో, పార్మిజానో జున్నుల్ని గొర్రెపిల్ల, దూడ కడుపులోంచి తీసిన పదార్థంతో విరగ్గొడతారు, అది పట్టింపు ఉన్నవాళ్లు ఈ సంగతి తెలుసుకుని నిర్ణయించుకోండి. బియ్యం, పప్పు, పచ్చిమిర్చి కావాలంటే టెర్మిని దగ్గర ఎస్క్విలినో మార్కెట్‌కి వెళ్లండి, బంగ్లాదేశ్, భారతీయుల కొట్లున్నాయి.

భోజనం టైములు, బిల్లులో వింతలు ఏమైనా ఉన్నాయా?

మధ్యాహ్నం పన్నెండున్నర నుంచి రెండున్నర, రాత్రి ఏడున్నర తర్వాత. మధ్యలో ఆకలైతే పిజ్జా ముక్కలే దిక్కు. కాఫీ కౌంటర్ దగ్గర నిలబడి తాగితే ఒక ధర, కూర్చుంటే ఇంకో ధర, పేరున్న చౌరస్తాల్లో రెండింతలు దాటుతుంది. బిల్లులో బ్రెడ్డుకో, కొపెర్తో (బల్ల ఛార్జీ) అనో మనిషికి ఒకటి రెండు యూరోలు వేస్తారు. టిప్ తప్పనిసరి కాదు.

నీళ్ల సీసాలు కొంటూనే ఉండాలా?

ఒక్కటి కొనండి, అదే నింపుకోండి. ఊరంతా రెండు వేలకు పైగా ఇనప కొళాయిలు రాత్రింబవళ్లు పారుతూనే ఉంటాయి, వాటిని నజోనె అంటారు, పెద్ద ముక్కు అని అర్థం. 1870ల నుంచీ ఉన్నాయి. నీళ్లు చల్లగా, తియ్యగా ఉంటాయి, నిశ్చింతగా తాగొచ్చు. కింద ఉన్న గొట్టం మూతిని వేలితో మూస్తే వంపు మీదున్న చిన్న కన్నంలోంచి నీళ్లు పైకి చిమ్ముతాయి, నోరు పెట్టి తాగేయొచ్చు. పిల్లలకి ఇది నేర్పితే ప్రతి కొళాయి దగ్గరా ఆగుతారు.

జేబుదొంగల గురించి విని భయంగా ఉంది.

భయం వద్దు, అలవాట్లు మార్చుకుంటే చాలు. ఒంటి మీదికి వచ్చి దాడి చేయడం చాలా అరుదు, జరిగేదంతా వేళ్లతోనే. మెట్రో ఎ లైను, టెర్మిని నుంచి వాటికన్ వైపు వెళ్లే 64 నంబరు బస్సు వీటికి పేరు పడ్డవి. మాతో వచ్చిన పెద్దాయన పర్సు సరిగ్గా తలుపులు మూసుకునే క్షణంలో పోయింది. ముగ్గురు తోసుకుంటూ ఎక్కినట్టే ఎక్కి దిగిపోయారు, ప్యాంటు వెనక జేబులో పర్సు లేదు. కార్డులు ఫోన్‌లోంచి ఐదు నిమిషాల్లో బ్లాక్ చేశాం, నగదు కొంతే ఉంది, కానీ ఆయన మనసు రెండు రోజులు కుదుటపడలేదు. కాబట్టి వెనక జేబులో ఏదీ పెట్టకండి, బ్యాగు ముందుకు వేసుకోండి, మెట్రో తలుపు దగ్గర ఫోన్ తీయకండి. చేతికి దారం కట్టేవాళ్లు, గ్లాడియేటర్ వేషంలో ఫొటోకి పిలిచేవాళ్లు తర్వాత డబ్బు అడుగుతారు, ఆగకుండా నడిచిపోండి. స్పానిష్ మెట్ల మీద కూర్చోకండి, జరిమానా ఉంది.

అమ్మానాన్నలకి అరవై ఐదు దాటాయి. ఇంత నడవగలరా?

రోజుకి ఒకే పెద్ద చోటు పెట్టుకుంటే నడవగలరు. కొలోసియంలో లిఫ్ట్ ఉంది. ఫోరం రాళ్లు ఎగుడుదిగుడుగా ఉంటాయి, మోకాళ్ల నొప్పులుంటే పైన కాపిటొలైన్ కొండ మీద నుంచి మొత్తం ఫోరం కనిపిస్తుంది, టికెట్ లేదు, సాయంత్రం ఆరింటికి అక్కడ నిలబెట్టి కథ చెప్పండి. పాంథియన్ సమతలం, 5 యూరోలు, గోపురం నడినెత్తిన ఉన్న కన్నంలోంచి పడే ఎండ గోడ మీద నెమ్మదిగా జరుగుతుంటే బెంచీ మీద కూర్చుని చూస్తూ ఉండిపోతారు. అన్ని మెట్రో స్టేషన్లలోనూ లిఫ్టులు పనిచేస్తాయని నమ్మకండి, టాక్సీకి కొంచెం డబ్బు పక్కన పెట్టుకోండి. రోజూ వేసుకునే మందులు పది రోజులకి సరిపడా, ప్రిస్క్రిప్షన్‌తో సహా చేతి బ్యాగులోనే ఉండాలి.

ఒక రోజు వేరే ఊరు వెళ్లి రావచ్చా? ఫ్లోరెన్స్, పాంపే ఏది మంచిది?

ఫ్లోరెన్స్‌కి వేగపు రైలులో గంటన్నర, నేపుల్స్‌కి గంటంపావు, అక్కణ్ణించి పాంపేకి ఇంకో రైలు. పాంపే జూన్ ఎండలో కష్టం. నా ఓటు ఓస్తియా అంతికాకి. పిరమిదె మెట్రో పక్కన్నించి లోకల్ రైలు, మామూలు 1.50 టికెట్టే. రోమ్‌కి రేవుగా బతికిన ఊరు అది. వీధులు, అపార్టుమెంట్లు, పూటకూళ్ల ఇల్లు, వరుసగా రాతి మరుగుదొడ్లు, వ్యాపారుల కొట్ల ముందు నేల మీద మొజాయిక్‌తో వేసిన ఓడలు, ఏనుగు బొమ్మ. చెట్ల నీడ ఉంది, జనం తక్కువ. సోమవారం మూసేస్తారు, మిగతా ఏ రోజైనా పొద్దునే వెళ్లండి. దూరపు లోకల్ రైళ్లకి కాగితం టికెట్ కొంటే ఎక్కేముందు ప్లాట్‌ఫారం మీది మెషిన్‌లో ముద్ర వేయించడం మర్చిపోకండి.

పాస్‌పోర్టు పోతే ఏం చేయాలి?

పోలీస్ స్టేషన్‌కి వెళ్లి ఫిర్యాదు కాగితం తీసుకుని, దాంతో రోమ్‌లోనే ఉన్న భారత రాయబార కార్యాలయానికి వెళ్లండి. పాస్‌పోర్టు, వీసా ఫొటోలు ఈమెయిల్‌లో, ఇంటిదగ్గర ఒకరి ఫోన్‌లో ముందే ఉంటే పని తేలికవుతుంది. ఎలాంటి అత్యవసరానికైనా నంబరు 112.

## తిరుగు ప్రయాణం

కొన్న వస్తువుల మీద పన్ను వెనక్కి వస్తుందట, ఎలా?

ఒకే కొట్టులో ఒకే బిల్లు 70 యూరోలు దాటితే పాస్‌పోర్టు చూపించి టాక్స్ ఫ్రీ ఫారం అడగండి. ఆ వస్తువు వాడకుండా, పెట్టెలో పైనే ఉంచి, ఎయిర్‌పోర్టులో చెక్-ఇన్‌కి ముందే ఆ కౌంటర్ దగ్గరికి వెళ్లండి. క్యూ పెద్దది, చిన్న మొత్తానికి గంట పోగొట్టుకోవడం దండగ.

చెకౌట్ పదింటికి, ఫ్లైట్ రాత్రి ఎనిమిదికి. మధ్యలో బ్యాగులతో ఏం చేయాలి?

బస చేసిన చోటే సాయంత్రం దాకా ఉంచమని అడగండి, హోటళ్లు దాదాపు అన్నీ ఒప్పుకుంటాయి. అపార్టుమెంట్ అయితే టెర్మినిలో డబ్బు కట్టి లగేజి దాచుకునే చోటుంది. కొత్తగా ఏదీ చూడ్డానికి పరిగెత్తకండి. వారంలో మీకు బాగా నచ్చిన వీధికే మళ్లీ వెళ్లి, అదే కొట్టులో నిలబడి ఇంకో కాఫీ తాగి, సీసా నింపుకుని, నాలుగింటికల్లా ఎయిర్‌పోర్టు రైల్లో ఉండండి.